పాదలేపం లేని యాత్రికులు

తెలుగు పాఠకుడు హిమాలయాన్ని మొట్టమొదట చూచేది ప్రవరుని కన్నులతో. అల్లసాని పెద్దన మనుచరిత్రలోని ఆ గృహస్థునికి దేశాలు చూడవలెనని కోరిక మెండు. నిత్యకర్మలు విడిచి కదలడానికి వీలులేదు. ఇంటికి వచ్చిన తైర్థికులను ఆదరించి, వారు తిరిగిన చోటుల కబుర్లు వినడమే అతని యాత్ర. ఒకనాడు అతిథిగా వచ్చిన సిద్ధుడు పాదలేపం ఇచ్చాడు. ఆ పసరు కాళ్లకు పూసుకొనడమే తడవుగా ప్రవరుడు మంచుకొండ మీద నిలిచాడు. శిఖరాలు చూచాడు, సెలయేళ్లు చూచాడు, ఇక ఇంటికి పోదామనుకునేసరికి పసరు మంచుకు కరిగిపోయింది. అటుపై కథ అందరికీ తెలిసినదే.

ఆ ఘట్టంలో ప్రవరుడు చూడనిది ఒకటి ఉన్నది. అతని హిమాలయంలో ఊరు లేదు. పొలం లేదు, పశువుల పాక లేదు, మంచినీళ్ల కోసం బిందెతో వచ్చిన ఇల్లాలు లేదు. దారి అడగవలసివచ్చినపుడు కనబడినది అచ్చర కన్నె. ఇది పెద్దన లోపమని నేననడం లేదు. ఆయనకు కావలసిన కొండ అదే. కావ్యధర్మం కూడ అదే. కాని వచనంలో యాత్రను వ్రాయబూనిన ఆధునిక రచయితకు పాదలేపం లేదు. అతడు నడవవలె. నడిచేవాడు చీకటిపడేవేళకు ఏదో ఒక ఊరు చేరవలె. ఊరు చేరినవాడు ఎవరో ఒకరి తలుపు తట్టవలె. హిందీలో హిమాలయ యాత్రలను గురించి వెలువడిన రచనలను చాలాకాలంగా చదువుతూ, వాటిలో కొన్నిటిని తెలుగులోనికి తెచ్చే ప్రయత్నం చేస్తూ వచ్చిన నాకు, వాటి మంచిచెడ్డలను నిర్ణయించేది ఈ తలుపు తట్టే ఘట్టమేనని తోచింది. ఆ అభిప్రాయాన్ని ఇక్కడ నాలుగు ఉదాహరణలతో పరిశీలించదలచాను.

యాత్రారచనకు ప్రమాణం ఒక దినం. దీనికి మన భాషలో మజిలీ అని చక్కని మాట ఉన్నది. హిందీలో పడావ్ అంటారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నం విడిచి కాశీకి ప్రయాణమై 1831 సెప్టెంబరులో తిరిగివచ్చాడు. ఆయన కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చయినది. ఆ గ్రంథం మజిలీల వరుస. దారి ఎట్టిది, ఊళ్లో నీళ్లు మంచివా, అంగళ్లున్నవా, దిగడానికి వసతి ఎట్లా ఉన్నది అన్న ప్రశ్నలు దినదినమూ తిరిగి తిరిగి వస్తాయి. ఆయన హిమాలయం ఎక్కలేదు. ఆయన వెంట పల్లకి ఉన్నది, పరివారం ఉన్నది. అయినప్పటికీ ఊరిని దారిలోని ముఖ్యవస్తువుగా గుర్తించిన చూపు ఆయనది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ పని చేసినవాడు కాబట్టి కాబోలు, ఎదుటివాని మాట వినిపించుకొనడం ఆయనకు అలవాటు.

ఎత్తైన హిమాలయ ప్రాంతంలో ఈ మజిలీకి ఇంకొక కట్టుబాటు తోడవుతుంది. మంచు కరిగిన నీరు మధ్యాహ్నానికి వాగులలో పొంగుతుంది. పొద్దున మోకాలిలోతు దాటిన వాగును సాయంకాలం దాటడం ప్రాణాపాయం. కనుమల మీద పొద్దెక్కినకొద్దీ గాలి హోరెక్కుతుంది. కాబట్టి తెల్లవారుజామున లేవడం, ఎండ ముదరకముందే కనుమ దాటడం, పొద్దు వాలకముందే దిగి ఊరు చేరడం అక్కడి నియమం. ఊరు కూడ ఎక్కడ పడితే అక్కడ ఉండదు. ఎండ తగిలే వాలు, కాలువ తీయడానికి అందే నీరు, యవలు పండే నాలుగు చెక్కల నేల - ఈ మూడూ కలిసినచోటనే ఉంటుంది. యాత్రికుని దినాన్ని కొలిచేది శిఖరం కాదు, రెండు ఊళ్ల నడిమి దూరం. ఈ సంగతి గ్రహించిన రచయిత కనుమను నాలుగు వాక్యాలలో దాటించి, ఊరికి నాలుగు పుటలు ఇస్తాడు. గ్రహించనివాడు దీనికి విపర్యంగా చేస్తాడు.

గ్రహించినవారిలో ప్రథముడు రాహుల్ సాంకృత్యాయన్. 1893లో ఆజమ్‌గఢ్ జిల్లాలో పుట్టి 1963లో దార్జిలింగులో కన్నుమూసిన ఈ మహాపండితుడు జీవితంలో పెద్దభాగం దారిలోనే గడిపాడు. ఓల్గా నుంచి గంగకు మూలంగా ఆయన పేరు తెలుగువారికి సుపరిచితం. 1929-30లో నేపాలు మీదుగా మొదటిసారి టిబెట్టులో ప్రవేశించినప్పటి ఆయన వృత్తాంతంలో ఒక దినం ఉన్నది. హిందీ విద్యార్థులు పాఠ్యపుస్తకంలో చదువుకునే భాగమది. నా దృష్టిలో, మిత్రునితో కలిసి ఎత్తైన ఊళ్ల మధ్య నడిచిన దినాన్ని ఎట్లా వ్రాయవలెనో చెప్పడానికి దానికంటె మంచి పాఠం లేదు.

ఆనాడు దాటవలసినది థోంగ్‌లా కనుమ. పదహారు పదిహేడువేల అడుగుల ఎత్తు; ఇరుప్రక్కల మైళ్ల పర్యంతం ఊరు లేదు; దోపిడిగాండ్రకు అనువైన చోటు. రాహుల్‌జీ బిచ్చగాని వేషంలో ఉన్నాడు. భయం గొలిపే ముఖం కనబడితే టోపీ తీసి, నాలుక చాపి, పైసా అడగడం ఆయన ఆత్మరక్షణోపాయం. వెంట ఉన్న మిత్రుడు సుమతి అనే మంగోలు భిక్షువు. ఇద్దరూ గుర్రాల మీద కనుమ ఎక్కారు. దిగేటప్పుడు రాహుల్‌జీ గుర్రం వెనుకబడింది. దారి రెండుగా చీలినచోట ఆయన ఎడమదారి పట్టి మైలున్నర పోయి, ఒక ఇంటివద్ద అడిగి, పొరపాటు తెలుసుకొని వెనుదిరిగాడు. సాయంకాలానికి లంకోర్ సమీపించేసరికి సుమతి కోపంతో ఎర్రబడి కూర్చున్నాడు. రెండు గంపల పిడకలు కాల్చానని, మూడుసార్లు తేనీరు కాచానని దెప్పాడు. తప్పు తనది కాదు, గుర్రానిదని రాహుల్‌జీ సంజాయిషీ. సుమతికి కోపం ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగానూ పోయింది.

ఈ భాగంలో వర్ణనకు ఇచ్చిన చోటు తక్కువ. అయినా ఆ సాయంకాలం మన కళ్లకు కడుతుంది. కారణం ఆ పిడకల లెక్క. చెట్టు మొలవని ఎత్తులో ఇంధనం ఎంత విలువైనదో ఆ లెక్క చెప్పకయే చెప్పింది. ఒక మిత్రుని ఎదురుచూపు మూడుసార్లు కాగిన తేనీటిగా మారింది. రచయిత తన మందగమనాన్నీ, దారి తప్పడాన్నీ దాచుకొనలేదు. గుర్రం మీదికి నెట్టిన ఆ సాకును సయితం నవ్వుతూ మనముందు పెట్టాడు. స్నేహాన్ని గురించి ఒక్క సామాన్యవాక్యం వ్రాయకుండా స్నేహాన్ని చూపించాడు.

ఇంతకంటె లోతైన సంగతి ఈ దినానికి కొంచెం ముందు వస్తుంది. కనుమకు ముందరి ఊళ్లో ఆ రాత్రి వారికి మంచి బస దొరికింది. సుమతికి అక్కడ పరిచితులున్నారు. అందువల్ల బిచ్చగాని వేషం ఆటంకం కాలేదు. అయిదేండ్ల తరువాత అదే దారిన రాహుల్‌జీ మళ్లీ వచ్చాడు. ఈసారి ఆయన పెద్దమనిషి. గుర్రమెక్కి వచ్చిన యాత్రికుడు. ఎవరూ చోటీయలేదు. ఊరిలో అందరికంటె పేదవాని గుడిసెలో తల దాచుకొనవలసివచ్చింది. ఈ రెండు రాత్రులనూ రచయిత ఒకే చోట ప్రక్కప్రక్కన పెట్టాడు. ఊరు ఏ ప్రాతిపదిక మీద తలుపు తీస్తుందో తెలిసికొనడానికి ఆయన ప్రయత్నించాడు. వేషం, ధనం, పలుకుబడి - వీటన్నిటికంటె పరిచయం పెద్దదని ఆయన అనుభవం. సుమతి లేకపోతే రాహుల్‌జీకి టిబెట్టు ఇళ్ల లోపలి భాగం తెలిసేది కాదు.

రాహుల్‌జీలో లోపాలు లేవని కాదు. 1948లో వెలువడిన కిన్నర్ దేశ్ మేఁ అనే గ్రంథంలో సట్లెజ్ లోయ వెంట చినీ దాకా ఆయన చేసిన యాత్ర ఉన్నది. చరిత్ర, భాష, పాటలు, పంటలు, పరిపాలన - ఏదీ ఆయన దృష్టిని తప్పించుకొనలేదు. కాని విజ్ఞానసర్వస్వం కూర్చేవాని తొందర కొన్నిచోట్ల యాత్రికుని మించిపోతుంది. మాట్లాడే మనిషి సమాచారం ఇచ్చే మనిషిగా మారిపోతాడు. మొదటి టిబెట్టు యాత్రలో ఈ తొందరకు అడ్డుకట్ట వేసినది సుమతి. అతని యజమానులు, వారికి అతడు పంచిపెట్టే రక్షాసూత్రాలు, వారి ఇళ్లకు పోవలెనని అతని తహతహ రాహుల్‌జీకి విసుగు పుట్టించాయి. ఒకచోట లాసా చేరిన తరువాత డబ్బిస్తానని ఆశపెట్టి ఆయన సుమతిని ఆపాడు. తరువాత షేకర్ విహారంలో నూటమూడు వ్రాతపుస్తకాల కంజుర్ కనబడేసరికి, తాను గ్రంథాలలో మునిగి సుమతిని ఊళ్లమీదికి పోనిచ్చాడు. పుస్తకం కోసం వచ్చినవాడు ఒకడు, మనుషుల కోసం తిరిగేవాడు ఒకడు. వారి మధ్య ఉన్న ఈ లాగులాటయే ఆ వృత్తాంతానికి ప్రాణం పోసింది. మిత్రుడు లేని యాత్రలలో రాహుల్‌జీ మహాపండితుడు. మిత్రుడున్న యాత్రలో ఆయన మహారచయిత.

అజ్ఞేయ స్వభావం దీనికి భిన్నమైనది. 1953లో ప్రచురితమైన అరే యాయావర్ రహేగా యాద్? అన్న సంపుటంలో కులూ, రోహతాంగ్ ప్రాంతాల యాత్రలున్నవి. హిందీ వచనానికి ఆయన తెచ్చిన నిగ్రహం, వస్తువును పేరు పెట్టి పిలిచే శ్రద్ధ అందులో నిండుగా ఉన్నవి. అయితే అజ్ఞేయ నలుగురితో కలిసి నడుస్తున్నప్పుడు కూడ ఒంటరియే. కొండ ఆయన మనస్సుకు ఎదురుగా నిలుస్తుంది. ఊరు ఆ రెంటి నడుమ ఒక వెలుగునీడలా మెరిసి తప్పుకుంటుంది. ఆయన పుటలు చదివినవానికి యాత్రికుని అంతరంగం బాగా తెలుస్తుంది. ఆ రాత్రి ఎవరి ఇంట తిన్నాడో అంతగా తెలియదు. ఇది దోషమనడం అన్యాయం కావచ్చు, ఎందుకంటే ఆయన ఎంచుకున్న పని వేరు. కాని ఆయనను అనుకరించిన తరువాతివారిలో ఆ అంతరంగం పలుచబడి, వెలుగునీడలు మాత్రమే మిగిలాయి. దేవదారులు, పొగమంచు, ఏకాంతం - ఈ మూడు మాటలతో ఎన్ని వ్యాసాలు పుట్టాయో లెక్కలేదు. అవన్నీ పాదలేపం పూసుకొని వ్రాసినవి.

ఈ రెండు మార్గాలకూ నడుమ ఒక దారి తీసినవాడు కృష్ణనాథ్. అర్థశాస్త్రాచార్యుడు, బౌద్ధదర్శన జిజ్ఞాసువు. ఆయన స్పీతి మేఁ బారిశ్ 1982లో వెలువడింది. స్పీతి హిమాలయపు వెనుకతట్టు నేల. ఋతుపవనాలు కనుమలు దాటి అక్కడికి రావడం అరుదు. ఎండిన కొండల మధ్య నది, నది ఒడ్డున పచ్చని ముక్కలుగా ఊళ్లు. కృష్ణనాథ్ వాక్యాలు కురచ. ప్రశ్నలు వేస్తాడు, జనాభా లెక్కలు చెబుతాడు, ఇంతమంది ఇక్కడ ఎట్లా బ్రతుకుతున్నారని ఆశ్చర్యపోతాడు, ఆ ఆశ్చర్యం బయటివానిదని తానే ఒప్పుకుంటాడు. ఒక రాత్రి కాజాలో కిటికీమీద చప్పుడు విని లేచి చూస్తే వాన. వానలేని దేశంలో వాన. మీ రాక శుభమైనది, చాలాకాలానికి వాన పడిందని అక్కడివారు అన్నారట.

పుస్తకానికి పేరు తెచ్చినది ఈ వానయే. ఇక్కడ రచయిత చూపిన సంయమనం గమనింపదగినది. మరొకడైతే ఆ వానను తన అనుభూతిగా మలచుకునేవాడు. కృష్ణనాథ్ దానిని ఊరివారి మాటలో వదిలివేశాడు. వాన పొలాలది, శుభమన్న తీర్పు పొలాలవారిది, యాత్రికుడు ఆ శుభానికి నిమిత్తమాత్రుడు. అతిథి తలుపు తట్టినాడు, ఇంటివారు అతనికొక అర్థం ఇచ్చారు. అతడు తనంతట తాను అర్థం తెచ్చుకొని లోపలికి పోలేదు.

ఈ స్పీతిలోనే ఒక దినం ముగ్గురు మిత్రులతో కలిసి నేనూ నడిచాను. దానిని యాత్రగా చెప్పుకొనడానికి సిగ్గుపడతాను. అయినా అనువాదకునిగా నాకు అది నేర్పిన పాఠం ఇక్కడ అవసరం. అది ఆగస్టు మాసం. పొద్దున లాంగ్‌జా విడిచి కోమిక్ చేరి, అక్కడినుండి హిక్కిమ్ వైపు దిగాము. అన్నీ నాలుగువేల మీటర్లు దాటిన ఊళ్లు. లాంగ్‌జా చుట్టుప్రక్కల రాళ్లలో సముద్రజీవుల శిలాజాలు దొరుకుతాయి. పిల్లలు వాటిని అరచేతిలో పెట్టుకొని యాత్రికులకు చూపుతారు. హిక్కిమ్‌లో 1983 నుండి తపాలా కార్యాలయమున్నది. పొలాలలో బఠానీ కోతలు. మాలో ఒకనికి ఊపిరి అందక పది అడుగులకొకసారి నిలబడుతున్నాడు. ఇంకొకడు అతనికి తెలియకుండా అతని సంచి తన సంచిలో దూర్చుకున్నాడు. కోమిక్ దాటిన తరువాత ఒక పొలం గట్టున కూర్చున్న వృద్ధురాలిని మా దారి చూపే యువకుడు అమా అని పిలిచాడు. ఆ మాట వారి భాషలో తల్లి. మాకు అనువాదం అక్కరలేకపోయింది.

ఆమె మాకు ఉప్పు, వెన్న కలిపిన తేనీరు పోసింది. ఆమె హిందీ నేర్చుకున్న హిందీ, నాదీ అంతే. ఇద్దరిలో ఎవరి ఇంటిభాషా కాని ఆ భాషలో మాట్లాడుకున్నాము. చలికాలంలో ఇక్కడ ఎవరుంటారని అడిగాను. హమ్ రహతే హైఁ అన్నది. మేముంటాము అన్నమాటగా గ్రహించి, ఊరంతా చలికాలం ఇక్కడనే ఉంటుందని నా చిన్నపుస్తకంలో వ్రాసుకున్నాను. దిగే దారిలో ఆ యువకుడు చెప్పగా తెలిసింది: ఆమె కొడుకులు చలికాలం కాజాలో ఉంటారు, పిల్లల చదువులు అక్కడ. ఇంటిని, పశువులను చూచుకుంటూ ఆ ఇంట ఉండేది ఆమె ఒక్కతె. ఆమె హమ్ అన్నది నేను అనే అర్థంలో. నేను ఒక మనిషి ఒంటరితనాన్ని ఒక ఊరి సందడిగా వ్రాసుకున్నాను.

హిందీ తెలిసినవారికి ఇందులో వింతలేదు. హమ్ అనే ఆ ఒక్క మాట నేను, మేము, మనము అనే మూడింటికీ చెల్లుతుంది. తెలుగువానికి అట్లా చెల్లదు. వినేవానిని కలుపుకుంటే మనము, విడిచిపెడితే మేము. ఈ భేదం పలుకునేర్చిన పిల్లవానికి కూడ తెలుసు. ఇల్లు మాది అన్నవాడు అతిథిని గడపకు అవతల ఉంచుతాడు, మనది అన్నవాడు లోపలికి రమ్మంటాడు. యాత్రారచనను హిందీనుండి తెలుగులోనికి తెచ్చేవానికి ఈ భేదం ప్రతి పుటలోనూ అడ్డుపడుతుంది. హిందీ రచయిత హమ్ కనుమ దాటాము అన్నాడు. ఆ హమ్‌లో సామాను మోసినవాడు ఉన్నాడా? హమ్ ఆకలితో ఉన్నాము అన్నాడు. వండిపెట్టిన ఇల్లాలు ఉన్నదా? ఈ పర్వతాల ఎదుట హమ్ ఎంత అల్పులం అన్నాడు. పర్వతాలనే ఇల్లు చేసుకున్నవారు ఆ అల్పులలో చేరుతారా, లేక అది దిగువనుండి వచ్చినవారి వినయం మాత్రమేనా? మూలంలో రచయిత తేల్చకుండా దాటిపోయిన ప్రశ్నను తెలుగు వ్యాకరణం తేల్చమంటుంది.

స్పీతి నడకకు పూర్వం ఒక హిందీ యాత్రాగ్రంథాన్ని అనువదిస్తూ నేను హమ్ వచ్చిన చోటనెల్లా వీలైనంత వరకు మనము అని వ్రాశాను. పాఠకుని చేయిపట్టుకొని కొండ ఎక్కించినట్లుంటుందని నా ఊహ. చదివిన మిత్రులు ఆత్మీయంగా ఉన్నదన్నారు. తిరిగివచ్చిన తరువాత ఆ వ్రాతప్రతిని మళ్లీ చదివితే సిగ్గు కలిగింది. చలిలో నడిచినది మనము కాదు, వారు. పాఠకుడు కుర్చీలో ఉన్నాడు. అంతకంటె పెద్ద తప్పు, ఆ గ్రంథంలో ఆతిథ్యం ఇచ్చిన కొండవారు హమ్ అన్న మాటలను కూడ నేను మనము చేశాను. వారి కొరతను, వారి చలికాలాన్ని అందరి సొత్తుగా పంచిపెట్టాను. ఆ ప్రతిని మొదటినుండి తిరగవ్రాయవలసివచ్చింది. మేము అని వ్రాసినచోట వాక్యం కొంచెం దూరం జరిగింది, కాని నిజానికి దగ్గరైంది. పుస్తకం మొత్తంలో మనము అన్నమాట నాలుగైదు చోట్ల మాత్రమే మిగిలింది. ఆ నాలుగైదూ ఆతిథ్యమిచ్చినవారి నోటివి. వచ్చినవారిని తమలో కలుపుకొని, రండి, తిందాము అన్న వేళలవి.

ఈ పరీక్షను అనువాదకుని చాదస్తమని తోసిపుచ్చరాదు. విమర్శకునికి కూడ ఇది పనికివస్తుంది. రాహుల్‌జీ హమ్‌ను తెలుగు చేయడం సులభం. అందులో ఎవరున్నారో సుమతి కోపమే చెబుతుంది. కృష్ణనాథ్ హమ్ జాగ్రత్తగా వాడుతాడు. ఊరివారి హమ్ వేరు, తనది వేరు. దేవదారుల వ్యాసాలలోని హమ్‌ను తెలుగు చేయబూనితే చేయి ఆగిపోతుంది. అందులో ఎవరూ లేరు.

హమ్ అనే మాటకు అర్థం పెంచిన ప్రయత్నం ఒకటి హిందీ ప్రాంతంలోనే జరిగింది. 1974లో, చమోలీ జిల్లా రేణీ గ్రామంలో గౌరాదేవి, ఆమె తోటి స్త్రీలు అడవిని కాపాడుకున్న ఆ సంవత్సరంలోనే, శ్రీదేవ్ సుమన్ జన్మదినమైన మే 25న కొద్దిమంది యువకులు నేపాలు సరిహద్దుకు చేరువనున్న అస్కోట్‌నుండి హిమాచల్ సరిహద్దు వద్ద ఉన్న ఆరాకోట్‌దాకా నడక ప్రారంభించారు. వారిలో తరువాత చరిత్రకారునిగా ప్రసిద్ధుడైన శేఖర్ పాఠక్, శంశేర్ సింహ్ బిష్ట్ ఉన్నారు. జేబులో డబ్బు ఉంచుకొనరాదన్నది వారి నియమం. తిండి, పడక ఊళ్లవే. పదేండ్లకొకసారి, 1984, 1994, 2004, 2014, 2024లలో ఆ నడక మళ్లీ మళ్లీ జరిగింది. 1980ల మొదట్లో నైనీతాల్‌లో ఆరంభమైన పహాడ్ పత్రిక ఈ నడకల అనుభవాలకు వేదిక అయింది.

సాహిత్యదృష్టితో చూస్తే ఈ నియమంలో గొప్ప యుక్తి ఉన్నది. డబ్బు లేనివాడు ప్రతి సాయంకాలం తలుపు తట్టవలసిందే. తట్టినవాడు పేరు, ఊరు, వచ్చిన పని చెప్పుకొనవలసిందే. అతడు ప్రశ్నలు అడగడానికి ముందు ప్రశ్నలకు జవాబు ఇచ్చుకుంటాడు. పదేండ్ల తరువాత వచ్చినపుడు, క్రిందటిసారి వచ్చినవారు వ్రాసింది ఏమైందని ఊరు అడుగుతుంది. రాహుల్‌జీకి అనుకోకుండా తటస్థపడిన రెండు రాత్రుల తారతమ్యాన్ని వీరు పద్ధతిగా మార్చుకున్నారు. వారి వ్రాతలన్నీ సాహిత్యగుణంలో సమానమని చెప్పజాలను. నివేదికల పొడితనం ఉన్నవి అనేకం. కాని వాటిలోని హమ్ ప్రతి పదేండ్లకూ కొందరిని చేర్చుకుంటూ వచ్చింది.

కొందరిని పోగొట్టుకుంటూ కూడ వచ్చింది. ఉత్తరాఖండ్ ప్రభుత్వం నియమించిన వలసల సంఘం 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2011 జనాభా లెక్కల తరువాత 734 గ్రామాలు మనుషులు లేనివయ్యాయి. పైకప్పు పలకలు జారిన ఇళ్లు, కట్టలు తెగిన పొలాలు, తాళం తుప్పుపట్టిన తలుపులు. ఈ వ్యాసం మొదట నేను చెప్పిన కొలత ఇక్కడ తిరగబడుతుంది. తలుపు తట్టడానికి యాత్రికుడు వచ్చాడు, పలకడానికి లోపల ఎవరూ లేరు. ప్రవరుని ఊరులేని హిమాలయం కావ్యకల్పన. ఇది చదువు, వైద్యం, జీవనోపాధి దిగువకు పోవడం వల్ల ఏర్పడిన ఊరులేనితనం. ముందు తరం యాత్రారచయితలకు ఈ రెంటినీ వేరుచేసి చూపే బాధ్యత ఉన్నది. ఖాళీ ఇంటిని ఏకాంతసౌందర్యంగా వర్ణించేవాడు ఆ ఇంటివారిని రెండవసారి వెళ్లగొట్టినట్లు.

రోడ్డు విషయంలో కూడ ఇట్టి వివేకమే కావలె. అజ్ఞేయ వ్రాసిన రోహతాంగ్ క్రిందుగా 2020 అక్టోబరులో తొమ్మిది కిలోమీటర్ల సొరంగం తెరిచారు. ఒక దినపు నడక నిమిషాల ప్రయాణమయింది. నేను నడిచిన ఊళ్లకు కూడ మోటారుదారి ఉన్నది. చాలామంది యాత్రికులు మూడు ఊళ్లనూ ఒక పూటలో చూచి, హిక్కిమ్‌నుండి కార్డు పోస్టు చేసి పోతారు. మోటారు కొత్త పాదలేపం. దానిని చూచి ముఖం చిట్లించే హక్కు నడకలో సరదా వెదికే మనకు లేదు. చలికాలంలో రోగిని ఆసుపత్రికి చేర్చవలసిన లాహుల్ వాసికి ఆ సొరంగం ప్రాణదానం. ఆ వృద్ధురాలి కొడుకులు తల్లిని చూడడానికి వచ్చేది ఆ దారిమీదనే. వారికి దారి దగ్గర కావడం మంచిదే. రచయితకు మాత్రం దగ్గరదారి లేదు. అతడు మోటారులో వచ్చినా సరే, ఊరి మొదట దిగి, ఒక గడపవద్ద నిలబడి, అడిగి, లోపలివారు పలికేదాకా ఆగవలె.

మనుచరిత్రలో పసరు కరిగిన తరువాతనే ప్రవరుడు మొదటిసారి ఇంకొక ప్రాణితో మాట్లాడాడు. దారి చెప్పమని అడిగాడు. అంతవరకు అతడు చూచినదంతా అతనిదొక్కనిది. మన యాత్రారచయితలు ఆ అడగడంతోనే మొదలుపెడితే చాలు. నా చిన్నపుస్తకంలో ఆనాటి తప్పువాక్యం ఇంకా ఉన్నది. దానిని కొట్టివేయలేదు, ప్రక్కన నేను అన్న ఒక్కమాట వ్రాసి పెట్టుకున్నాను. కొత్తగా అనువాదం చేపట్టినప్పుడెల్లా ముందు ఆ పుట తీసి చూస్తాను.